బుడగ లేని సీసా

పడవ అంచు పట్టుకో. మోకాళ్లు కాస్త వంచు. అల వచ్చినప్పుడు ఒళ్లు బిగబట్టకు, పడవతోపాటే ఊగు.

తెల్లవారుజామున యానాం రేవులో ఎక్కావు. ఇప్పుడు ఎండ నడినెత్తికి వచ్చింది. గౌతమి సముద్రంలో కలిసే భైరవపాలెం మొగ దగ్గర ఉన్నావు. అక్టోబరు నెల. ఆగస్టులో ఇక్కడ ఎర్రటి వరద సుళ్లు తిరిగింది. ఇప్పుడు బురద అడుక్కి దిగింది. బకెట్‌తో కాసిన్ని నీళ్లు తోడి చూడు. తెల్లటి బకెట్‌లో నీళ్లు లేతపచ్చగా కనిపిస్తాయి.

ఈ నీళ్లు నీకు కొత్తవి కావు. ధర్మపురిలో మెట్లు దిగి నువ్వు మునిగిన గోదావరే ఇది. సిరిసిల్లను ఒరుసుకుంటూ పారే మానేరు ఇందులోనే కలిసింది. జగిత్యాల వరిమళ్లలో చల్లిన యూరియాలో పైరు తాగగా మిగిలిన నత్రజని కొంత ఈ నీళ్ల వెంటే వచ్చింది. వరద రోజుల్లో ఆ బలం ఎవరికీ అందలేదు. బురద వెలుతురును అడ్డుకుంది. బురద దిగాక ఎండ లోపలికి దిగింది. కంటికి కనిపించని నాచు ఒక్కసారిగా పెరిగింది. ఆ పచ్చదనం దానిదే.

గట్టిగా గాలి పీల్చు. సముద్రపు వాసన. ఉప్పుకు వాసన లేదు కదా, మరి ఇది ఎక్కడిది?

ఇందులో ఒక పాలు డై మిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువుది. ల్యాబ్‌లో అందరూ డీఎంఎస్ అంటారు. కోరుట్లలో ఉడకబెట్టిన మక్కకంకి పొట్టు ఒలవగానే ముక్కుకు తగిలే వాసనలోనూ ఇదే అణువు ఉంది. ఇక్కడ దానికి మూలం నాచు. ఉప్పునీళ్లు నాచు కణంలోంచి నీటిని బయటికి లాగేస్తాయి. ఆ లాగుడును తట్టుకోవడానికి చాలా రకాల నాచు తన ఒంట్లో గంధకం ఉన్న ఒక పదార్థాన్ని నిల్వ చేసుకుంటుంది. దాని పేరు డీఎంఎస్‌పీ. కణం చచ్చినా, చితికినా, చిన్న పురుగు కొరికినా అది నీళ్లలోకి ఒలుకుతుంది. ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. డీఎంఎస్ పుడుతుంది. నీళ్లలోంచి గాలిలోకి లేస్తుంది.

ఎంత లేస్తుంది? ఆ లెక్క కోసమే వచ్చావు. ముందు నీళ్లలో ఎంత ఉందో తెలియాలి. పని మొదలుపెట్టు.

తాడుకు కట్టిన ప్లాస్టిక్ గొట్టం ఉంది చూడు, రెండు చివరలా మూతలతో. అది నిస్కిన్ సీసా. మూతలు తెరిచి మీటరు లోతుకు దించు. తాడు వెంట ఇత్తడి బరువును జారవిడు. చేతికి చిన్న అదురు తగులుతుంది. మూతలు పడ్డాయి. పైకి లాగు.

ఇప్పుడు గోధుమరంగు గాజు సీసా తీసుకో. సిలికాన్ గొట్టం కొసను సీసా అడుగుకు ఆనించు. నీళ్లు చప్పుడు కాకుండా నిండాలి. నురగ రాకూడదు. నిండాక ఆపకు, పొర్లనివ్వు. మరో సీసాడు నీళ్లు పోయేదాకా పొర్లనివ్వు. గొట్టాన్ని మెల్లగా పైకి తియ్యి. గాజు బిరడా పెట్టు. సీసాను తలకిందులు చేసి వెలుతురుకు ఎత్తు.

బుడగ ఉందా? లేదు. మంచిది.

డీఎంఎస్ 37 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటే నీ ఒంటి వేడి చాలు. గాలి దొరికితే చాలు, నీళ్లు వదిలి అందులోకి పోతుంది. సీసాలో బుడగ ఉంటే కొంత దాంట్లోకి చేరుతుంది. బిరడా తీసిన క్షణాన ఆ కొంత పోతుంది. అందుకే సీసా నిండుగా ఉండాలి, చల్లగా ఉండాలి, చీకట్లో ఉండాలి. ఐసు పెట్టెలో పెట్టు. ఒకటి అయింది. రెండోది నింపు. అదీ అయింది.

మూడోదానికి చెయ్యి చాచేసరికి గాలి ఆగిపోయింది.

తల ఎత్తు. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. దాని కింద సముద్రం బూడిదరంగుకు తిరిగింది. సరంగు అప్పటికే ఇంజను మీద చెయ్యి వేశాడు.

"ఎంతసేపండీ ఇంకా? గాలి దిగిందంటే ఈ మొగలో ఉండలేమండీ."

"ఒక్క సీసా అన్నా."

నింపు. చెయ్యి వణుకుతోంది. పొర్లింది. బిరడా పెట్టావు. తలకిందులు చేశావు.

బుడగ. మిరియపు గింజంత.

మొదటి చినుకు నీ మెడ మీద పడింది. పడవ ముక్కు పైకి లేచింది. ఠప్పున కింద పడింది. ఐసు పెట్టె జారింది. కాలితో ఆపు.

"కానివ్వండీ!" సరంగు అరుస్తున్నాడు.

రెండు మంచి సీసాలున్నాయి. ఇది అదనం. ఉంచేసుకోవచ్చు. ఎవరూ చూడలేదు.

ఒంపెయ్.

నిస్కిన్‌లో ఇంకా నీళ్లున్నాయి. గొట్టం అడుగుకు. మోకాళ్ల మధ్య సీసా బిగించు. కళాసీ నీ నడుం పట్టుకున్నాడు. అల. ఆగు. మళ్లీ వదులు. నిండింది. పొర్లింది. ఇంకా పొర్లాలి. వాన కళ్లలో పడుతోంది. గొట్టం తియ్యి. బిరడా. ఎత్తు. చూడు.

లేదు.

"పోనివ్వు అన్నా!"

ఇంజను గర్జించింది. పడవ పక్కకు ఒరిగి తిరిగింది. నీళ్లు లోపలికి కొట్టాయి. పెట్టె మీద బోర్లా పడుకో. పట్టుకో. వదలకు.

మడచెట్ల మధ్య పాయలోకి దూరగానే గాలి పైనే ఉండిపోయింది. నీళ్లు సద్దుమణిగాయి. కోరింగ మడ అడవి ఇది. తుపాను రోజుల్లో పడవలు తలదాచుకునే చోటు.

పని ఇంకా ఉంది. నీళ్లలో కరిగి ఉన్న డీఎంఎస్‌పీ వేరు, బతికున్న కణాల లోపల ఉన్నది వేరు. రెండూ విడివిడిగా తెలియాలంటే నీళ్లను వడగట్టాలి. సన్నటి గాజునార వడపోత కాగితం గరాటాలో అమర్చు. నీళ్లు పొయ్యి. చుక్క. ఆగి, ఇంకో చుక్క.

విసుగొస్తుంది. పక్కనే సిరంజి ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. ముట్టుకోకు. ఒత్తిడి పడితే నాచు కణాలు కాగితం మీదే చితుకుతాయి. లోపలిదంతా బయటికి కారుతుంది. అప్పుడు నీ అంకె నది చెప్పింది కాదు, నీ బొటనవేలు చెప్పింది అవుతుంది. నీళ్లు తమ బరువుతో తామే దిగాలి. మొదట దిగిన కొన్ని మిల్లీలీటర్లే పట్టుకో, చాలు.

వడగట్టిన నీళ్లు కొన్ని చిన్న గాజుబుడ్డీల్లో, వడగట్టనివి ఇంకొన్నిట్లో పొయ్యి. చేతికి తొడుగు వేసుకుని, ఒక్కోదాంట్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వెయ్యి. పడవ కదలనప్పుడే వెయ్యి. ఆమ్లం ఎంజైములను, బ్యాక్టీరియాను అక్కడికక్కడే ఆపేస్తుంది. ఈ బుడ్డీలు ఇక రేపటిదాకా ఆగుతాయి. ఐసులో ఉన్న మూడు సీసాలు మాత్రం ఆగవు. వాటిలో బ్యాక్టీరియా బతికే ఉంది. డీఎంఎస్‌ను తింటూనే ఉంటుంది. చలి దాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే.

యానాం నుంచి విశాఖకు నాలుగు గంటల దారి. పిఠాపురం, కత్తిపూడి, తుని. జీపులో ఐసు పెట్టె నీ ఒళ్లోనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా చేతులు దాని చుట్టూ బిగుస్తున్నాయి. ఫోను మోగింది. కోరుట్ల నుంచి అమ్మ.

"బిడ్డా, తిన్నవా? ఈడ మబ్బు వట్టింది. మక్కలు వాకిట్ల ఎండవోసినం. వాన వస్తదా ఏమన్న చూసి చెప్పరాదు."

ఏం చెబుతావు? బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే ఆ మబ్బు తెలంగాణ దాకా వస్తుందని ఆమెకూ తెలుసు. నీకు ఇంకొంచెం తెలుసు. మబ్బు కట్టాలంటే గాలిలో ఆవిరి ఒక్కటే చాలదు. ఆవిరి చుక్కగా మారడానికి పట్టుకునే రేణువు ఒకటి కావాలి. సముద్రం మీదికి లేచిన డీఎంఎస్ ఒకటి రెండు రోజుల్లోనే గాలిలో మారిపోతుంది. అందులో కొంత సల్ఫ్యూరిక్ ఆమ్లమై, అతి సన్నని రేణువులకు పునాది అవుతుంది. ఆ రేణువుల మీద మబ్బుచుక్కలు కడతాయి.

"టార్పాలిన్ కప్పుండ్రి అమ్మా," అంటావు. "నేను రాత్రికి చేస్త."

అనకాపల్లి దాటారు. పెట్టె మూత తీసి చూడు. ఐసు సగం కరిగింది. సీసాలు చల్లగానే ఉన్నాయి.

ల్యాబ్‌లో లైట్లు వెయ్యి. వాయువులను విడదీసి కొలిచే యంత్రం, గ్యాస్ క్రొమటోగ్రాఫ్, పొద్దుటి నుంచీ వేడెక్కి ఉంది. ముఖానికి అద్దపు కవచం పెట్టుకో. చలి తొడుగులు వేసుకో, వదులుగా ఉన్నవే. ద్రవ నత్రజని లోపల పడితే విదిలించి పారేసేలా ఉండాలి.

ముందు ఖాళీ పరీక్ష. డీఎంఎస్ లేని నీళ్లతో మొత్తం దారి నడిపించు. తెర మీద గీత చదునుగా ఉండాలి. ఉంది. తర్వాత తెలిసిన మోతాదులు, ఒకదాని తర్వాత ఒకటి. ఇవి నీ కొలబద్ద. ఇవి లేకుండా సీసా తెరవకు.

ఇప్పుడు మొదటి సీసా. సిరంజితో, బుడగ రాకుండా, నీళ్లు లాగి గాజు పాత్రలోకి ఎక్కించు. కింది నుంచి హీలియం వదులు. నీళ్లు కుతకుతలాడతాయి. మధ్యాహ్నం పడవలో నువ్వు తరిమిన బుడగలను ఇప్పుడు నువ్వే లోపలికి పంపుతున్నావు. డీఎంఎస్ వాటిలోకి ఎక్కి బయటికి వస్తుంది. దారిలో తేమను పీల్చే గొట్టం ఉంది. దాని తర్వాత సన్నటి టెఫ్లాన్ చుట్ట, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో మునిగి ఉంది. హీలియం ఆ చలిని దాటి పోతుంది. డీఎంఎస్ గడ్డకట్టి అక్కడే ఆగిపోతుంది.

సమయం అయింది. కవాటం తిప్పు. చుట్టను నత్రజనిలోంచి తీసి వేడినీళ్లలో ముంచు. పట్టుబడ్డదంతా ఒక్కసారిగా లేచి యంత్రంలోకి ఉరుకుతుంది. పొడవాటి గొట్టంలో గంధకపు వాయువులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. చివర హైడ్రోజన్ మంట. ఆ మంటలో గంధకం నీలిరంగు వెలుతురునిస్తుంది. నీ కంటికి అందనంత సన్నటి వెలుతురు. దాన్ని పట్టే కన్ను యంత్రంలో ఉంది.

తెర చూడు. గీత చదునుగా పోతోంది. లేచింది. కొన తీరింది. దిగింది.

తొందరపడి సంతోషించకు. ఈ మంటతో ఒక తిరకాసు ఉంది. గంధకం రెట్టింపైతే వెలుతురు నాలుగు రెట్లవుతుంది. తెర మీద గీత కట్టిన కొండ ఎత్తు చూసి మోసపోకూడదు, వర్గమూలం తీసి కొలబద్దతో పోల్చాలి. లెక్క వెయ్యి. లీటరుకు రెండు నానోమోల్‌లకు కాస్త పైన. అంటే లీటరు నీళ్లలో గ్రాములో కోటో వంతును కొంచెం మించింది. సముద్రం పైనీళ్లలో మామూలుగా ఉండేది ఒకటి నుంచి ఏడు నానోమోల్‌లు. నమ్మదగ్గ అంకెలాగే ఉంది.

కానీ ఒక్క అంకెను నమ్మకూడదు. రెండో సీసా ఎక్కించు.

హీలియం పారుతోంది. నత్రజని పాత్రలో మట్టం తగ్గింది, ఇంకొంచెం పొయ్యి. తెల్లటి పొగ నేల మీద పరుచుకుంది. ఏసీ కోసం తలుపు మూసే ఉంది. హీలియం ఎంత పారుతోందో చూపే మీటరు చూడు. లోపలి గుండు కిందికి దిగుతోంది.

దిగకూడదు.

చుట్టలో ఎక్కడో తేమ చేరింది. మంచు బిగిసింది. దారి మూసుకుంటోంది. దగ్గరికి వంగు. ఎక్కడ బిగిసింది?

కీచుమని శబ్దం.

గోడ మీద ఆక్సిజన్ మీటరు. 19.5. గాలిలో ఉండాల్సింది 20.9.

ఒక లీటరు ద్రవ నత్రజని దాదాపు ఏడు వందల లీటర్ల వాయువు అవుతుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. దగ్గు రాదు. ఊపిరాడటం లేదని కూడా తెలియదు. నువ్వు వంగిన చోటే అది ఎక్కువ.

నిలబడు.

రెండో సీసాకు ఇంకా సమయం కావాలి. వదిలేస్తే పోతుంది. నాలుగు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

19.3.

హీలియం కవాటం తలుపు పక్కనే ఉంది. మూసెయ్. తలుపు తియ్యి. బయటికి నడువు.

బయటికి.

గోడకు ఆనుకో. ఊపిరి తీసుకో. వరండాలోకి సముద్రపు గాలి వస్తోంది. ఎవరో ల్యాబ్ కిటికీలు అవతలి నుంచి తెరిచారు. మీటరు అంకె పైకి ఎక్కుతోంది. 20 దాటింది. 20.9. అప్పుడు లోపలికి వెళ్లు. చుట్ట రెండు కొసలూ తెరిచి ఉన్నాయో లేదో ముందు చూసుకో. మూసిన గొట్టాన్ని వేడి చేస్తే లోపల వాయువు ఉబ్బి పగులుతుంది. తెరిచే ఉన్నాయి. చుట్టను బయటికి తియ్యి. మంచు కరిగింది. రెండో సీసా నమూనా గాలిలో కలిసింది.

నోటుపుస్తకంలో రాయి: రెండో సీసా, నష్టం. కారణం రాయి. సమయం రాయి.

తేమ పీల్చే గొట్టం మార్చు. ఈసారి తలుపు తెరిచే ఉంచు. ఏసీ ఆపెయ్.

ఇక మిగిలింది మూడో సీసా. మొగలో వాన కొడుతుంటే రెండోసారి నింపావే, అదే. బుడగతో ఉన్నదాన్ని అప్పుడు ఉంచేసుకుని ఉంటే ఇప్పుడు తక్కువ అంకె వచ్చేది. రెండు అంకెల్లో ఏది నిజమో నీకు తెలిసే దారి ఉండేది కాదు. ఎక్కించు. హీలియం వదులు. గుండు నిలకడగా ఉంది. చుట్టను వేడినీళ్లలో ముంచు. తెర మీద గీత లేచింది. దిగింది. లెక్క వెయ్యి.

మొదటిదానికి ఆనుకునే ఉంది. ఇప్పుడు రాసుకో. ఇది అంకె.

అయినా ఒక సందేహం నిన్ను వదలదు. నీళ్లు అంత పచ్చగా ఉంటే డీఎంఎస్ ఇంతేనా? ఒక చుక్క నీళ్లు సూక్ష్మదర్శిని కింద పెట్టు. గాజు పెంకులు గొలుసుల్లా అతుక్కుని కనిపిస్తాయి. డయాటమ్‌లు. మొగలో పచ్చదనం ఎక్కువగా వీటిదే. ఇవి డీఎంఎస్‌పీని చాలా తక్కువగా చేసుకుంటాయి. అదే తోకలతో ఈదే డైనోఫ్లాజెల్లేట్‌లైతే చాలా ఎక్కువ. కాబట్టి ఉపగ్రహం నుంచి సముద్రం రంగు చూసి గంధకం లెక్క కట్టేయడం కుదరదు. ఎవరో ఒకరు పడవెక్కాలి. సీసా నింపాలి.

ఆమ్లం వేసిన బుడ్డీలు బయటికి తియ్యి. ఒక్కోదాంట్లో సోడియం హైడ్రాక్సైడ్ వేసి, ఆ క్షణమే మూత బిగించు. గట్టి క్షారం ఇది, చర్మాన్ని కాల్చేస్తుంది, ముఖ కవచం తియ్యకు. ఈ క్షారంలో ఒక డీఎంఎస్‌పీ అణువు విరిగితే ఒక డీఎంఎస్ అణువు వస్తుంది. లెక్క సూటిగా ఉంటుంది. రాత్రంతా చీకట్లో ఉంచు. పొద్దున ఇదే యంత్రం మీద కొలుస్తావు. నాచు తన ఒంట్లో ఎంత దాచుకుందో, నీళ్లలోకి ఎంత వదిలిందో అప్పుడు విడివిడిగా తెలుస్తుంది.

ఇంత పాటు ఎందుకు అని నిన్ను ఎవరైనా అడుగుతారు. జవాబు దగ్గర పెట్టుకో.

సముద్రం నుంచి నేలకు గంధకాన్ని మోసేది హైడ్రోజన్ సల్ఫైడ్ అని చాలాకాలం అనుకున్నారు. ఓడ మీద నీళ్లు కొలిచి, మోసేది డీఎంఎస్ అని 1972లో జేమ్స్ లవ్‌లాక్, ఆయన తోటివాళ్లు చూపించారు. 1987లో చార్ల్సన్, లవ్‌లాక్, ఆండ్రియే, వారెన్ ఇంకో అడుగు వేశారు. నాచు డీఎంఎస్ వదులుతుంది, దాంతో మబ్బులు దట్టమవుతాయి, ఎండ తగ్గి సముద్రం చల్లబడుతుంది, అలా నాచే వాతావరణాన్ని అదుపులో పెడుతుందన్నారు. 2011లో క్విన్, బేట్స్ ఆ గొలుసును కొలతలతో ఎదుర్కొన్నారు. మబ్బు రేణువులు ఉప్పుతుంపర నుంచి, ఇతర సేంద్రియ పదార్థాల నుంచి కూడా పుడతాయని, అదుపు అంత సూటిగా లేదని చూపించారు. అదే ఏడాది వచ్చిన మరో లెక్క ప్రకారం సముద్రాలన్నీ కలిసి ఏటా గాలిలోకి వదిలే డీఎంఎస్‌లో దాదాపు 2.8 కోట్ల టన్నుల గంధకం ఉంది. ఆ లెక్కకు ఆధారం ప్రపంచమంతటా పోగైన సుమారు 47 వేల కొలతలు. వాటిలో మన వైపు సముద్రం వాటా తక్కువ.

తక్కువే, లేకపోలేదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు జువారీ నదీముఖంలో కొలిచారు. 1999లో ఇండోఎక్స్ పరిశోధన సమయంలో హిందూ మహాసముద్రంలో కొలిచారు. అదే సంస్థ విశాఖ కేంద్రం వాళ్లు మన దేశపు నదీముఖాల్లో డీఎంఎస్ కొలతలు తీసి ప్రచురించారు. వాళ్లూ నీలాగే నీళ్లు తోడి కొలిచారు. పైన గాలిలో మన బొగ్గు పొగల గంధకం కూడా కలుస్తోంది. ఎవరిది ఎంతో విడదీయాలంటే సముద్రం వాటా ముందు కచ్చితంగా తెలియాలి. మబ్బు మీద బతికే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతుకు ఈ లెక్క పరాయిది కాదు.

అందుకే నోటుపుస్తకంలో ఇవాళ్టి వరస పూర్తిగా రాయి. తేదీ, చోటు, లోతు, ఉప్పు, రెండు అంకెలు, పోయిన సీసా. దాచకుండా రాయి. తర్వాత సీసాలు ఆమ్లంతో కడిగి, మంచినీళ్లతో జాడించి బోర్లించు. రేపటి పోటు ఎప్పుడో సరంగుకు ఫోన్ చేసి కనుక్కో. ఈసారి నాలుగు సీసాలు తీసుకెళ్లు.